రేవుకు వంతెన పడింది

జల రవాణా ప్రోత్సాహక మండలిలో సూపరింటెండెంటుగా పనిచేసే గంటి కామేశం సర్వీసు మొత్తంలో ఒక్క మచ్చ లేదు. మీటింగుల్లో ఆయన ఏనాడూ నోరు విప్పకపోవడమే అందుకు కారణం. మినిట్సు మాత్రం రాసేవాడు. ఎవరేమన్నా రాసేవాడు. ఎవరూ ఏమీ అనకుండా జీడిపప్పు నమిలి లేచిపోయినా "సుదీర్ఘంగా చర్చించిన మీదట" అని రాసేవాడు. ఆయన్ని చూస్తే ఆఫీసులో ఎవరికీ భయం లేదు, ఆయనకు ఎవరి మీదా కోపం లేదు. దాచుకోదగ్గ సంగతి ఆయన జీవితంలో ఒక్కటే. మధ్యాహ్నం భోజనాల వేళ మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి, సాయంత్రం ఇంట్లో కాఫీ తాగుతూ, ఆయన ఫోన్లో 'రేవు' ఆడేవాడు.

'రేవు' అనే ఆ ఆన్‌లైన్ ఆట మండలి వారు చేయించిందే. ఒక మార్చి నెలాఖరున ప్రచారపు పద్దులో కొంత సొమ్ము మిగిలిపోయింది. మిగిల్చిన శాఖకు మరుసటి ఏడు కోత తప్పదు గనక, "అంతర్గత జల రవాణా పట్ల యువతలో చైతన్యం కలిగించుట" కోసం హడావిడిగా ఒక ఆట చేయించి, జనంలోకి వదిలేసి, మరిచిపోయారు.

హడావిడిలో చేసింది కాబట్టి అది సరిగ్గా పనిచేసేది కాదు. ఆట మొత్తం కలిపి ఒక గోదావరి పాయ, దాన్ని దాటించే ఒక పంటు పడవ. ఆడేవాళ్ళు సైకిలో, కొబ్బరికాయల బస్తాలో, పెళ్ళి బ్యాండు మేళమో వెంటబెట్టుకుని రేవులోకి వస్తారు. పంటు అవతలి గట్టున ఉంటుంది. ఎప్పుడొస్తుందో దాన్ని తయారుచేసినవాడికి కూడా తెలియదు. అది వచ్చేదాకా అందరూ టీ బడ్డీ ముందు బల్ల మీద కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు, నిజం గొంతులతోనే. చివరికి పంటు వస్తుంది. దాన్లో ఒక గేదె ఉంటుంది. అది దిగదు. నలుగురూ కలిసి పలుపు పట్టి లాగితేనే దిగుతుంది. అవతలి గట్టుకు చేరాక ఏముంటుందయ్యా అంటే అక్కడా ఒక టీ బడ్డీ ఉంటుంది. గెలుపు లేదు, ఓటమి లేదు, పాయింట్లు లేవు.

ఈ ఆట మీద జనం ఎగబడ్డారు. యువత అంతగా రాలేదు గాని, యువతకు అమ్మానాన్నల వరసయ్యేవాళ్ళంతా వచ్చారు.

కామేశానికి ఆ బల్ల మీద ముగ్గురు స్నేహితులు దొరికారు. రాజోలులో టిఫిన్ హోటలు నడిపే భూలక్ష్మి, రావులపాలెం నుంచి అరటి గెలలు తోలే లారీ డ్రైవరు గనిరాజు, నరసాపురంలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన ఆదాం మాస్టారు. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకోవాలని తోచనూ లేదు. రేవుకొస్తే కనపడతారు, నంబరెందుకు?

"ఏవండీ కాముగారూ, ఇయ్యాల ఏం కూరండీ?" అనేది భూలక్ష్మి.

"బీరకాయండి."

"బీరకాయలో పాలు పోసేరా లేదాండీ?"

దాని మీద పంటు వచ్చేదాకా చర్చ జరిగేది. పాలు పోయడం దండగని గనిరాజు, పోయకపోతే అది బీరకాయే కాదని మాస్టారు. మాస్టారి భార్య మరియమ్మగారు పోయి రెండేళ్ళయింది. ఇంట్లో రోజంతా ఎవరితోనూ మాటుండదని ఆయన ఒకసారి మామూలుగా అన్నాడు. అప్పటినుంచి కామేశం భోజనం డబ్బా మూత తీయకముందే రేవుకు వెళ్ళేవాడు. తాను ఏం చేస్తాడని అడిగితే మాత్రం, "గవర్నమెంటులో చిన్న ఉద్యోగమండి" అని ఊరుకున్నాడు. ఏ ఆఫీసో చెప్పలేదు.

ఇలా ఉండగా, మండలి ఆట ఒకటి జనాదరణలో ఉందని ఎవరో పైవారికి చెప్పారు. పైవారు సంచాలకులను అభినందించి, "తరువాత ఏమిటి?" అని అడిగారు. సంచాలకులు పి. త్రివిక్రమరావు గారు అప్పటిదాకా ఆ ఆట పేరు వినలేదు. అయినా తడుముకోకుండా, "రెండవ దశ రూపకల్పన తుది అంకమున ఉన్నదండీ" అని చెప్పి, మర్నాడు మొదటి మీటింగు పెట్టారు.

"మిత్రులారా, విజయవంతమైన ప్రతి పథకానికీ రెండవ దశ అనివార్యము," అని ఆయన ప్రారంభించారు. "తదనుగుణంగా 'రేవు-2' కొరకు ఈ కమిటీ ఏర్పాటైనది. కన్సల్టెంటు గారు తమ అధ్యయనాన్ని సమర్పిస్తారు."

హైదరాబాదు నుంచి వచ్చిన కన్సల్టెంటు నిఖిలేష్ లేచి, ముందుగా ఇక్కడ ఆట ఆడినవారు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. గదిలో ఎవరూ కదల్లేదు. కామేశం పెన్ను క్యాపు తీసి మళ్ళీ పెట్టాడు.

"మేము విధాన నిర్ణయ స్థాయి వారము. ఆడుట లబ్ధిదారుల పని," అన్నారు సంచాలకులు.

నిఖిలేష్ గోడ మీద ఒక బొమ్మ చూపించాడు. "సార్, యూజరు ఒకసారి ఆటలోకి వస్తే దాదాపు గంటసేపు ఉంటున్నాడు. దాన్లో నది దాటేది ఐదు నిమిషాలే. మిగతాదంతా రేవులో వెయిటింగ్."

సంచాలకుల ముఖం పాలిపోయింది. "గంటా! ప్రభుత్వ రేవులో పౌరులు గంటసేపు పడిగాపులు కాస్తున్నారా? ఇది పేపరువాళ్ళ చెవిన పడితే ఏమవుతుందో ఆలోచించారా?"

"సార్, అది ఆటలో రేవండీ," అన్నాడు చీఫ్ ఇంజనీరు.

"రేవు రేవేనండీ. బోర్డు మీద మన శాఖ పేరుంది. నిరీక్షణా సమయాన్ని శూన్య స్థాయికి కుదించాలి. మార్గమేమిటి?"

రెండో పంటు వేద్దామన్నారొకరు. పంటు వేగం పెంచుదామన్నారు ఇంకొకరు. ఎంత పెంచినా శూన్యం కాదని నిఖిలేష్ లెక్క తేల్చాడు. శూన్యం కావాలంటే ఒకటే దారి, వంతెన.

చీఫ్ ఇంజనీరు ఇబ్బందిగా కదిలాడు. "సార్, మనది జల రవాణా. వంతెన వేసేస్తే పంటు ఎందుకండీ? పంటు లేకపోతే..." అని, ఆ వాక్యం పూర్తిచేస్తే ఎక్కడికి తేలుతుందో అర్థమై ఆగిపోయాడు.

"పంటును తొలగించుట లేదు," అన్నారు సంచాలకులు. "వంతెన ప్రారంభోత్సవ ఫలకము పక్కన దానిని సగౌరవంగా నిలిపి ఉంచెదము. ఎవరికైనా అభ్యంతరమా?"

కామేశం గొంతులోకి ఒక మాట వచ్చింది. బల్ల తీసేస్తే మాస్టారు ఎక్కడ కూర్చుంటాడండీ అన్న మాట. ఎదురుగా ఉన్న గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. నీళ్ళతో పాటు మాటా దిగిపోయింది. కాగితం మీద వంగి, "సుదీర్ఘంగా చర్చించిన మీదట ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని రాశాడు.

ఆపైన పనులు చకచకా జరిగిపోయాయి. ప్రభుత్వంలో పనులు చకచకా జరగవనేది అపోహ. జరగకూడని పనులైతే జరుగుతాయి. వంతెన అనేది తమ పరిధిలోని అంశమనీ, ఆటలోనైనా సరే తమ అనుమతి లేకుండా వేయరాదనీ రహదారుల శాఖ తాఖీదు పంపింది. అనుమతి ఇస్తూ టోల్‌గేటు పెట్టాలంది. పెట్టారు. గేదెను పలుపుతో లాగడం జంతుహింస కిందికి వస్తుందని పశుసంవర్ధక శాఖ అభ్యంతరం తెలిపింది. గేదెకు వంతెన మీద ప్రత్యేక దారి వేసి, అది తనంతట తాను నడిచి వెళ్ళేలా చేశారు. అది ఎవరివైపూ చూడకుండా, క్రమశిక్షణతో, రోజంతా అటూ ఇటూ నడిచేది. ఇక నిరీక్షణ లేదు గనక బల్ల అవసరం లేదు, బల్ల లేదు గనక టీ బడ్డీ లేదు, బడ్డీ లేదు గనక కబుర్లు లేవు. పాత 'రేవు'ను అలాగే ఉంచుదామా అంటే, ఒకే నదిని శాఖ రెండు విధాలుగా దాటించడం వృథా వ్యయమని ఆడిట్ వారు రాశారు. పాతది మూసేశారు.

మూసేసే ముందురోజు బల్ల మీద అందరూ హుషారుగానే ఉన్నారు.

"రెండోది వత్తందంటండీ! ఇంకా పెద్ద రేవంట," అన్నాడు గనిరాజు. "ఈసారి లారీ కూడా ఎక్కించుకుంటారేమో పంటు మీద."

"ఈ పొట్టి బల్ల కాకండా పొడుగు బల్ల ఏత్తే బాగుండును. కాముగారూ, మీకేవన్నా తెలిసిందాండీ?" అంది భూలక్ష్మి.

"నాకేం తెలుస్తుందండీ," అన్నాడు కామేశం. ఆ అబద్ధం ఆడాక ఆయనకు ఆ పూట అన్నం సయించలేదు.

మంత్రిగారు కంప్యూటరు తెర మీద రిబ్బను కత్తిరించారు. 'రేవు-2' తెరుచుకుంది. ఆ సాయంత్రం కామేశం కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆట మొదలుపెట్టాడు. వంతెన ఈ చివర కనిపించింది. ఒక బటన్ ఉంది. నొక్కాడు. "అభినందనలు. తమరు నదిని దాటితిరి" అని వచ్చింది. మళ్ళీ నొక్కాడు. తమరు మళ్ళీ దాటితిరి.

"అదేమిటి, కాఫీ పొగలు కూడా తగ్గలేదు, అప్పుడే అయిపోయిందా?" అంది భార్య సువర్చల.

"సమర్థత పెరిగింది," అన్నాడు కామేశం నీరసంగా.

జనానికి మండింది. ఎవరూ పూర్తిగా మానేయలేదు గాని, ఎవరూ ఆడనూ లేదు. దాటే బటన్ నొక్కకుండా వంతెన మధ్యదాకా నడిచి వచ్చి ఆగి, రెయిలింగు పక్కన నిలబడి, కింద ఖాళీగా ఉన్న నదిని చూసేవాళ్ళు. మాట్లాడే వీలు లేదు. ఉన్నదల్లా తెర మూలన ఒక హారను. దాంతోనే ఒకర్నొకరు పలకరించుకోవడం మొదలుపెట్టారు. ఒకసారి కొడితే బాగున్నారా, రెండుసార్లు కొడితే భోజనమైందా. కామేశం ఒక సాయంత్రం అక్కడ నిలబడి ఉంటే, వెనకనుంచి లారీ డ్రైవరు మాత్రమే కొట్టగలిగిన తీరులో ఒక హారను మోగింది. గనిరాజే! ప్రాణం లేచొచ్చి తనూ కొట్టాడు. చాలాసేపు కొట్టుకున్నారు. కాని మాస్టారి సంగతి ఎలా అడగాలో హారనులో తెలియలేదు. డ్రిల్లు మాస్టారు హారను ఎలా కొడతాడు?

రెండు రోజుల్లో వంతెన మీద "ఆగరాదు, హారను మోగించరాదు" అన్న బోర్డు వెలిసింది. ఆగినవాళ్ళను ఆటే ముందుకు తోసేసేది.

ఫిర్యాదులు వెల్లువెత్తాయి. సంచాలకులు చలించలేదు. "ఇది అసంతృప్తి కాదు, అవగాహనా రాహిత్యము," అని తేల్చారు. 'వంతెనను ఆస్వాదించు విధానము' అనే వీడియో తయారైంది. దాన్లో ఒక నటుడు బటన్ నొక్కి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతాడు. అది చూసినట్టు ధ్రువపత్రం ఉంటేనే ఫిర్యాదు తీసుకోవాలని ఉత్తర్వు వేశారు. జనం ఓపిగ్గా చూసి, ధ్రువపత్రాలు జతచేసి మరీ ఫిర్యాదు చేశారు. అప్పుడిక ఫిర్యాదుల విభాగం పెట్టక తప్పలేదు.

"కామేశంగారిని వేద్దాం," అన్నారు సంచాలకులు. "వినుటలో వారికున్న అనుభవం మరెవరికీ లేదు."

దానికి బడ్జెట్టు లేదు. అందుకని కొత్త ఏర్పాటు చేయకుండా, మూసేసిన పాత ఆట తాలూకు సరంజామానే బయటికి తీసి, నదినీ పంటునూ చెరిపేసి, బల్లను ఉంచి, టీ బడ్డీ మీద 'ఫిర్యాదుల స్వీకరణ' అని పేరు మార్చారు. ఫిర్యాదుదారులు వచ్చి ఆ బల్ల మీద కూర్చుని తమ వంతు కోసం వేచి ఉండాలి. ఒకే రకం ఫిర్యాదులు పదేపదే రాకుండా, ఈలోగా వారు తమలో తాము సంప్రదించుకోవచ్చునని నిబంధన. అవతల వినేది కామేశం ఒక్కడే.

మొదటి రోజు ఆయన చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, గొంతు సవరించుకుని, "తరువాతి వారు," అన్నాడు.

అవతలివైపు ఎవరో ఊపిరి పీల్చి ఆగారు. "కాముగారా? మీరేనాండీ? ఆ గొంతు మీదేగదండీ!"

కామేశం పోల్చుకున్నాడు. భూలక్ష్మి. నేను కాదందామనుకున్నాడు.

"నేనేనండి."

"అమ్మయ్య! నాయాలది, ఇన్నాళ్ళకి మనిసి దొరికేరు. మీకూ మండే ఇక్కడికొచ్చేరాండీ?" అని, ఒక్క క్షణం ఆగింది. "కాదు కాదు... మీరు 'తరువాతి వారు' అంటన్నారు. అంటే మీరు ఆ ఆపీసేనాండీ?"

"ఆ ఆఫీసేనండి."

"వంతెన ఏత్తామన్నప్పుడు మీరు అక్కడే ఉన్నారాండీ?"

"ఉన్నానండి. మినిట్సు నేనే రాశాను."

అవతల హోటల్లో పెనం మీద అట్టు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"నేను రోజంతా ఆ పెనం దగ్గిర నిలబడతానండీ," అంది భూలక్ష్మి నెమ్మదిగా. "రేవులో కూకున్నంతసేపే నేను కూకునేది. ఒక్క మాట అనలేకపోయేరాండీ? బల్లొక్కటి ఉంచండని?"

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు. కామేశం ఆఫీసు టేబులు మీద మోచేతులాన్చి తల పట్టుకున్నాడు. "అనలేకపోయానండి. ఎప్పుడూ అనలేదు. అలవాటు లేదు."

"సర్లెండి. మాస్టారు కనపడ్డారాండీ?"

"లేదండి."

"అయితే నేను బల్ల మీద కూకుని చూత్తాను. నా పిర్యాదు పక్కన పెట్టండి."

ఆమె వెళ్ళి బల్ల మీద కూర్చుంది. మర్నాడు గనిరాజు వచ్చాడు. ఆ తరవాత పాత రేవు జనం ఒక్కొక్కరే ఫిర్యాదు వంకతో చేరారు. బీరకాయలో పాల చర్చ ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మొదలైంది. కామేశం నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ఫిర్యాదులు వినేవాడు. వారం తిరిగేలోపు ఒక మధ్యాహ్నం, ఈల వేసినట్టు గట్టిగా ఒక గొంతు వినిపించింది. "ఇక్కడ లైను ఎటునుంచి ఎటయ్యా?"

"మాస్టారూ!" అని బల్ల మొత్తం అరిచింది.

మాస్టారు నిజంగానే ఫిర్యాదు చేద్దామని వచ్చాడు. ఆ వంతెన మీద నిలబడితే తోసేస్తోందనీ, పిల్లల్ని కూడా తానెప్పుడూ అలా తోయలేదనీ, మనసు విరిగి ఫోను సొరుగులో పడేశాననీ చెప్పాడు. ఆ మాటలు వింటూ కామేశం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పక్క సీట్లోని అసిస్టెంటు చూస్తే, దుమ్ము పడిందన్నాడు.

ఫిర్యాదుల విభాగానికి వస్తున్న జనాన్ని చూసి ప్రభుత్వం మురిసిపోయింది. ఏ శాఖకూ ఇంతమంది ఫిర్యాదు చేయడం లేదు, చేసినవాళ్ళు ఇంత ఆనందంగా ఉండడం అసలే లేదు. త్రివిక్రమరావు గారికి శాలువా కప్పారు. కప్పుతూ, "తరువాత ఏమిటి?" అన్నారు.

మర్నాడు మీటింగు. ఎజెండా, 'ఫిర్యాదు-2'.

"ఫిర్యాదుదారు బల్ల మీద సగటున రెండు గంటలు వేచి ఉంటున్నాడు సార్," అన్నాడు నిఖిలేష్, గోడ మీద బొమ్మ చూపిస్తూ. "నేను ప్రపోజ్ చేసేది, నోరు తెరవగానే 'మీ సమస్య పరిష్కరించబడినది' అని యంత్రమే చెప్పేస్తుంది. బల్ల అక్కర్లేదు."

"అత్యద్భుతం," అన్నారు సంచాలకులు. "నిరీక్షణ శూన్యం. వచ్చే సోమవారానికే ప్రారంభిద్దాం. ఎవరికైనా అభ్యంతరమా?"

అలవాటు ప్రకారం అందరూ జీడిపప్పు ప్లేటు వైపు చూశారు.

"ఉందండి," అన్నాడు కామేశం.

చీఫ్ ఇంజనీరు చేతిలోంచి జీడిపప్పు జారి పడింది. కామేశానికి తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. ఆ బల్ల మీద మనుషులున్నారండీ, వాళ్ళు కూర్చోవడానికే వస్తున్నారండీ అని చెబుదామనుకున్నాడు. ఆ మాట ఈ గదిలో ఎవరికీ అర్థం కాదని నోరు తెరిచాక తెలిసింది. అందుకని వాళ్ళకు అర్థమయ్యే భాషలోనే చెప్పాడు.

"అన్ని శాఖల అభిప్రాయం తీసుకోకుండా వెళ్తే, రేపు బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వస్తుందేమోనండి."

సంచాలకులు ముందుకు వంగారు. ఇన్నేళ్ళలో కామేశం మాట్లాడగా ఆయన వినడం ఇదే మొదటిసారి. ఊరికే మాట్లాడే మనిషి కాదు. ఏదో పసిగట్టి ఉంటాడు. ఎక్కడో ఏదో పెద్ద ప్రమాదమే పొంచి ఉంది.

"ఆ ప్రశ్న ఎంతవరకు వెళ్ళవచ్చునంటారు?" అన్నారు గొంతు తగ్గించి.

"చాలా దూరమే వెళ్ళవచ్చండి."

"అయితే అన్ని శాఖలకూ పంపండి. ఒక్కటి కూడా వదలకండి. మీరే స్వయంగా చూసుకోండి."

కామేశం స్వయంగానే చూసుకున్నాడు. ఫైలును న్యాయశాఖకు పంపాడు. అక్కడినుంచి ఆర్థిక శాఖకు, అక్కడినుంచి 'ఫిర్యాదు' అన్న మాట శుద్ధమైన తెలుగేనా కాదా తేల్చమని అధికార భాషా విభాగానికి. ఆ పదం పారసీకం నుంచి వచ్చిందని తేల్చిన భాషా విభాగం, ప్రత్యామ్నాయ పదం సూచించడానికి పండితుల ఉపసంఘాన్ని వేసింది. ఉపసంఘంలో ఇద్దరు పండితులకు అప్పటికే ఒకరంటే ఒకరికి పడదు. ఎక్కడైనా ఎవరైనా పొరపాటున త్వరగా సంతకం పెట్టేస్తే, కామేశం వినయంగా ఇంకొక సందేహం రాసి ఫైలును వెనక్కి పంపేవాడు. ఇంత శ్రద్ధగా ఆయన సర్వీసులో ఏ పనీ చేయలేదు.

బల్ల మీద మాత్రం రోజూ మధ్యాహ్నం జనం కూర్చునే ఉన్నారు. ఒక రోజు కామేశం భోజనం ముగించి, చేయి కడుక్కుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పిలిచాడు.

"తరువాతి వారు, నరసాపురం ఆదాం మాస్టారు గారు. మీ వంతు వచ్చిందండి."

"అప్పుడేనా!" అన్నాడు మాస్టారు కంగారుగా. "నేనిప్పుడే వచ్చి కూర్చున్నాను బాబూ. నా వెనకున్నవాళ్ళను పంపు."

"నా వల్ల కాదండోయ్," అన్నాడు వెనకనుంచి గనిరాజు. "నా లోడు ఇంకా దిగలేదు. భూలచ్చిమి గారిని పిలవండి."

"నన్నెందుకండీ మజ్జిలో!" అంది భూలక్ష్మి. "ఇప్పుడే కాత్త కూకున్నాను."